దుబాసి భాషలందు బహుతంతు నిర్వహణము: ఒక పరిశీలనము

తెలుగు శాఖలలో పరిశోధనము సాగించువారు పదసూచికల నిర్మాణమునకును, ప్రయోగముల గణనమునకును, ఛందోవిశ్లేషణమునకును నేడు కంప్యూటరును విరివిగా ఆశ్రయించుచున్నారు. ఒక కావ్యమును తీసికొని, ప్రతిపాదమునందలి గురులఘువులను గుర్తించి, గణవిభజనము చేసి, యతిప్రాసలను పరీక్షించు ప్రోగ్రామును వ్రాయుట సాహిత్య విద్యార్థికి ఇప్పుడు అసాధ్యము కాదు. ఇట్టి పనులకు పలువురు ఎన్నుకొను భాష పైథాన్. అది నేర్చుకొనుటకు సులభమైనది. తెలుగు లిపిని చక్కగా గ్రహింపగలిగినది. అయితే కావ్యములు పెరిగినకొలది ప్రోగ్రాము గంటలకొలది నడచుట మొదలిడును. అప్పుడు పరిశోధకునకు ఒక ఉపాయము తోచును. తన యంత్రమున నాలుగు కోర్లు ఉన్నవి. పనిని నాలుగు భాగములు చేసి పంచినచో నాలుగవ వంతు కాలముననే ముగియవలెను గదా! ఆ విధముగా పంచి చూచినవారికి పెక్కుమార్లు ఆశాభంగమే కలుగుచున్నది. కాలము తగ్గదు, ఒక్కొక్కప్పుడు పెరుగును గూడ. అంతకంటె ప్రమాదకరమైన విషయ మొకటి కలదు: లెక్కలు తప్పవచ్చును, తప్పినట్లు తెలియకపోవచ్చును. తప్పిన లెక్కపై కట్టిన సిద్ధాంతము ఎంత పాండిత్యముతో కూడినదైనను నిలువదు. కావున ఈ విధానము ఏ పనికి ఉపకరించునో, ఏ పనికి ఉపకరింపదో, అందులకు కారణమేమో ఈ వ్యాసమున విచారింతుము.

1. అనువాదకుడు, దుబాసి

ఒక భాషలోని మాటను మఱొక భాషవారికి అందించుటకు రెండు మార్గములు గలవు. అనువాదకుడు గ్రంథమంతయు చదివి, మొత్తమును పరివర్తించి పాఠకుని చేతికిచ్చును; ఆ తరువాత పాఠకునకు అతనితో పని లేదు. దుబాసి అట్లు కాదు. వక్త ఒక వాక్యము పలుకగనే దానిని రెండవ భాషలో చెప్పును; సంభాషణము సాగినంతవఱకు అతడు నడుమ నిలువవలసినదే. 1611లో మచిలీపట్టణమున ఆంగ్లేయుల వర్తకస్థానము వెలసినది మొదలు ఈ సీమవారికి దుబాసి యన నెవరో చక్కగా తెలియును.

కంప్యూటరు భాషలందును ఈ రెండు తెగలు గలవు. ఫోర్ట్రాన్, సి మొదలగు భాషలలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు అనువాదకునివలె ముందుగనే యంత్రభాషలోనికి మార్చివేయును. పైథాన్, రూబీ మొదలగు భాషలలో ఇంటర్‌ప్రెటరు దుబాసివలె ప్రోగ్రాము నడచునంతసేపు తోడుండి, ఒక్కొక్క ఆదేశమును అందుకొని నెరవేర్చును. సూక్ష్మముగా చూచినచో పైథాన్ కూడ మూలపాఠమును ముందొక సంక్షిప్తసంకేత రూపమునకు మార్చుకొనును. కాని ఆ సంకేతములను నెరవేర్చువాడు దుబాసియే. కనుక ఇట్టి భాషలను మేము దుబాసి భాషలని వ్యవహరింతుము. వీనిలో గణనము మెల్లగా సాగును. దానికి బదులుగా వ్రాయుట, మార్చుట, పరీక్షించుట సులభమగును.

2. తంతువు, అవధానము

ఒకే ప్రోగ్రామునందు స్వతంత్రముగా సాగిపోవు ఆదేశపరంపరను ఆంగ్లమున థ్రెడ్ అందురు. దానిని తంతువని చెప్పుకొందము. ఒక ప్రోగ్రామునందలి తంతువులన్నియు ఒకే జ్ఞాపకస్థానమును పంచుకొనును. ఎవరి పని ఎంతవఱకు వచ్చినదో ఆ గుర్తు మాత్రము వేనికి వానికే ప్రత్యేకముగా ఉండును.

ఇచ్చట రెండు భావములను వేఱుచేసి గ్రహింపవలెను. పలు పనులను కలిపి నడుపుట ఒకటి. పలు పనులు ఒకే క్షణమున జరుగుట మఱొకటి. ఈ భేదమును తెలుగువారికి బోధించుటకు అష్టావధానముకంటె తగిన ఉదాహరణము లేదు. అవధాని యొక్కడు, పృచ్ఛకులు ఎనమండుగురు. ఒకరికి సమస్యాపూరణమున ఒక పాదము చెప్పి, వెంటనే దత్తపది వైపు మరలి, అటనుండి వర్ణనమునకు పోయి, నడుమ అప్రస్తుత ప్రసంగమునకు బదులిచ్చి, గంటల లెక్క తప్పకుండ చూచుకొనుచు, మరల మొదటివానియొద్దకు వచ్చి రెండవ పాదము చెప్పును. ఎనిమిది పనులును కలిసి సాగుచున్నవి. కాని ఏ క్షణమున చూచినను అవధాని నోట నున్నది ఒక్క పద్యమే. ప్రతి పద్యము ఎక్కడ ఆగినదో ధారణయందు నిలుపుకొనుటయే ఇందలి విద్య. శతావధానమున ఈ భారము నూరు పద్యములకు పెరుగును. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) గారలు జంటగా ఈ విద్యకు మహాప్రచారము కల్పించిరి. వారిలో వేంకటశాస్త్రిగారు బందరులో తెలుగు పండితులై కృష్ణామండలమున గొప్ప శిష్యపరంపరను నిలిపిరి.

అవధానము ఎనమండుగురు కవులు వేఱువేఱుగా కూర్చుండి వ్రాయుటవంటిది కాదు. ఎనమండుగురు కవులు ఏకకాలమున వ్రాసినచో ఎనిమిది పద్యములు ఒక్క పద్యమునకు పట్టు కాలముననే ముగియును. అవధాని విషయమున అట్లు జరుగదు. పైపెచ్చు ఒక పద్యమునుండి మఱొకదానికి మరలునప్పుడెల్ల కొంత శ్రమ అదనముగా కలుగును. పైథానునందలి తంతువులు చిరకాలము ఈ అవధానమువంటివే కాని కవిసమూహమువంటివి కావు. యంత్రమున కోర్లు ఎన్ని యున్నను దుబాసి నోరు ఒక్కటే.

3. లాకు ఏల వచ్చెను

నెదర్లాండ్సునకు చెందిన గిడో వాన్ రోసమ్ పైథానును 1991లో లోకమునకు విడుదల చేసెను. 1992లో దానికి తంతువుల సౌకర్యము కలిగినది. అప్పటి సాధారణ యంత్రములలో ప్రాసెసరు ఒక్కటే యుండెడిది. కావున తంతువులన్నింటికిని కలిపి ఒకే లాకును ఏర్పఱచిరి. ఆ లాకును చేపట్టిన తంతువు మాత్రమే ముందుకు సాగవలెను. దీనిని ఆంగ్లమున గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్ అనియు, సంగ్రహముగా గిల్ అనియు పిలుతురు. డెల్టా ప్రాంతపు పాఠకులకు లాకు అను మాట క్రొత్తది కాదు. కాలువలపై పడవలు నడచిన దినములలో లాకుగదిలోనికి చేరిన పడవ దాటువఱకు వెనుకవచ్చిన పడవలు వేచియుండవలసినదే.

ఈ కట్టుబాటునకు మూలకారణము జ్ఞాపకస్థాన నిర్వహణము. పైథానునందు ప్రతి వస్తువునకును దానిని ఎన్నిచోట్ల వాడుచున్నారో తెలుపు సంఖ్య యొకటి తగిలింపబడియుండును. ఒక గ్రంథాలయమునందలి తాళపత్ర ప్రతిపై దానిని చూచుచున్నవారి సంఖ్యను వ్రాసి, ఆ సంఖ్య సున్నకు దిగినప్పుడు ప్రతిని తీసివేయుదురనుకొందము. ఇద్దరు లేఖకులు ఒకే క్షణమున ఆ సంఖ్యను దిద్దబోయినచో ఒకరి దిద్దుబాటు మఱొకరిదానిచే చెఱిగిపోవును. అప్పుడు ఎవరో ఇంకను చదువుచుండగనే ప్రతి మాయమగును; లేదా ఎవరికిని అక్కఱలేని ప్రతి ఎల్లకాలము బీరువాలో పడియుండును. మొదటి దోషమున ప్రోగ్రాము కూలును. రెండవదానివలన జ్ఞాపకస్థానము నిండిపోవును. ప్రతి వస్తువునకును వేఱు లాకు పెట్టినచో ఆ లాకులు తీయుటలోను వేయుటలోను కాలము వ్యయమగును. అన్నింటికి ఒకే లాకు పెట్టుట సులభము. ఒకే తంతువుగల ప్రోగ్రామునకు దానివలన భారము స్వల్పము. నాటి పరిస్థితులలో ఆ నిర్ణయము యుక్తమైనదే.

పరిస్థితి 2005 ప్రాంతమున మారినది. ప్రాసెసరుల వేగము మునుపటివలె పెరుగుట నిలిచిపోగా, తయారీదారులు ఒక్కొక్క చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టుట ప్రారంభించిరి. అప్పుడు ఏకైక లాకు లోపముగా పరిణమించినది.

4. ఏ పనికి మేలు, ఏ పనికి కీడు

విజయవాడ పడమటి భాగమున కృష్ణ యొడ్డుననున్న భవానీపురమునుండి ఏటివెంట దిగువకు పోయినచో ప్రకాశం బ్యారేజి కనబడును. 1852–1855 నడుమ నిర్మింపబడిన ఆనకట్ట 1952లో గండిపడగా, దానికి బదులుగా కట్టబడి 1957లో పూర్తియైన ఈ బ్యారేజికి 70 తలుపులు గలవు. 2024 సెప్టెంబరు వఱదలో 11 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు ఈ తలుపులగుండ సాగిపోయినది. భవానీపురమువంటి ఒడ్డుపేటలకు ఆ తలుపులన్నియు ఏకకాలమున తెఱచియుండుట ఎంత ముఖ్యమో చెప్పనక్కఱలేదు. ఒక తలుపు మూసినగాని వేఱొకటి తెఱువరాదను నియమమున్నచో డెబ్బది తలుపులుండియు ఒక్క తలుపున్నట్లే యగును. ఏకైక లాకుగల పైథానునందు గణనప్రధానమైన పనికి పట్టు గతి ఇదియే.

ఛందోవిశ్లేషణము అట్టి పని. తెలుగు యూనికోడునందు మనము ఒక్క అక్షరముగా భావించునది పెక్కు సంకేతముల సముదాయము. ‘స్త్రీ’ అను అక్షరమున ఆరు సంకేతములు గలవు. వాడుకలోనున్న యూటీఎఫ్-8 రూపమున అవి 18 బైట్లు ఆక్రమించును. ప్రోగ్రాము ఈ సంకేతములను కూర్చి అక్షరము చేసి, దాని వెనుకనున్న సంయుక్తమును చూచి, అది గురువో లఘువో నిర్ణయింపవలెను. ఇదియంతయు దుబాసి స్వయముగా చేయవలసిన పని. నిరీక్షణ మేమియు లేదు. నాలుగు తంతువులకు పంచినను అవి లాకుకొఱకు వంతులవారీగా వేచియుండునే కాని కలసి సాగవు. 2009లో డేవిడ్ బీజ్లీ చేసి చూపిన ప్రయోగమున రెండు కోర్లుగల యంత్రముపై, రెండు తంతువులకు పంచిన గణనము, ఒకదానివెంట ఒకటిగా చేసినదానికంటె దాదాపు రెట్టింపు కాలము తీసికొన్నది. లాకుకొఱకు తంతువులు పెనుగులాడుటయే దానికి కారణము. అప్పటి పద్ధతిలో నూరు ఆదేశముల కొకమారు లాకును వదలుచుండెడివారు. అంటువాన్ పిట్రూ దీనిని సవరింపగా, 2011లో వెలువడిన 3.2 రూపమునుండి వేచియున్న తంతువునకు 5 మిల్లీసెకండ్ల పిమ్మట వంతు ఇచ్చు నియమము వచ్చినది. దానివలన పెనుగులాట తగ్గినది. సమాంతరత్వము మాత్రము రాలేదు.

నిరీక్షణప్రధానమైన పనుల గతి వేఱు. సరకు దించుకొనుటకై ఒడ్డున ఆగిన పడవ లాకుగదిని ఆక్రమింపదు గదా! అట్లే, దూరముననున్న గ్రంథాలయమునుండి పుటలు తెప్పించుకొను తంతువు, బదులు వచ్చువఱకు లాకును వదలివేయును. ఆలోపల ఇతర తంతువులు తమ పని సాగించుకొనును. ఒక్కొక్క పుటకు ఒక్క సెకండు నిరీక్షణ యున్నదనుకొందము. నూరు పుటలు వరుసగా తెప్పించినచో నూరు సెకండ్లు పట్టును; పది తంతువులు పెట్టినచో రమారమి పది సెకండ్లు చాలును. డిస్కునుండి చదువుట, డేటాబేసును ప్రశ్నించుట మొదలగునవియు ఈ కోవలోనివే.

మూడవ తెగ యొకటి కలదు. నంపై వంటి గణిత సామగ్రియు, దత్తాంశమును కుదించు సామగ్రియు సి మొదలగు భాషలలో వ్రాయబడినవి. అవి సుదీర్ఘమైన పని చేయునప్పుడు పెక్కుచోట్ల లాకును వదలును. అట్టి పనులకు తంతువులు మేలు చేయును. కాని పాఠ పరిశోధకులు తఱచుగా వాడు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల అన్వేషణము లాకును వదలదని గుర్తుంచుకొనవలెను.

5. లాకు కాపాడనిది

లాకు ఉన్నది గనుక మన లెక్కలు భద్రమని కొందఱు భావింతురు. ఇది పొరపాటు. లాకు కాపాడునది దుబాసి అంతరంగమునే కాని మన లెక్కను కాదు. ఒక పదము కనబడినప్పుడెల్ల దాని సంఖ్యకు ఒకటి కలుపుట చూపునకు ఒక్క పని. నిజమునకు మూడు పనులు: పాత సంఖ్యను చదువుట, ఒకటి కూడుట, క్రొత్త సంఖ్యను వ్రాయుట. మొదటి తంతువు 41 అని చదివినంతనే వంతు మారినదనుకొందము. రెండవ తంతువును 41 అనియే చదివి 42 వ్రాయును. మొదటిది తిరిగి వంతు పొంది తానును 42 వ్రాయును. పదము రెండుమార్లు కనబడినది. లెక్క ఒకటే పెరిగినది.

అవధానికి ఈ చిక్కు లేదు. అతడు తన యిచ్ఛచేత, పాదము ముగిసిన తరువాత, మఱొక పృచ్ఛకునివైపు తిరుగును. తంతువునకు ఆ స్వాతంత్ర్యము లేదు. పాదము నడుమనే అది ఆపబడవచ్చును. పైథాన్ రూపములు కొన్నింటిలో ఈ దోషము మిక్కిలి అరుదుగా కనబడును. అరుదగుటయే దాని దుర్గుణము. పదిమార్లు సరియైన ఫలితము వచ్చి పదునొకండవమారు తప్పినచో ఎవరు కనిపెట్టగలరు? కనుక పంచుకొను లెక్కకు ప్రోగ్రాము వ్రాయువాడే వేఱు లాకు పెట్టవలెను; అంతకంటె మేలైన పద్ధతి, ప్రతి తంతువును తన లెక్కను తానే యుంచుకొని, తుదకు అన్నింటిని కూడుట. అవధానివలె తనంత తానే వంతు వదలు పద్ధతియు ఒకటి కలదు. 2014లో వచ్చిన 3.4 రూపమున అది అసింక్‌ఐవో అను పేర పైథానునందు చేరినది. నిరీక్షణప్రధానమైన పనులకు అది శ్రేష్ఠము.

6. లాకును తొలగించు యత్నములు

లాకును తొలగించు యత్నము క్రొత్తది కాదు. 1996లోనే గ్రెగ్ స్టైన్ పైథాన్ 1.4 రూపమునకు అట్టి సవరణ సిద్ధపఱచెను. కాని ఒక్క తంతువుగల ప్రోగ్రాముల వేగము ఇంచుమించు సగమునకు పడిపోయినది. పలువురు వ్రాయు ప్రోగ్రాములు ఒక్క తంతువువే. కొందఱి మేలుకొఱకు అందఱికిని కీడు చేయుట న్యాయము కాదని ఆ మార్గము విడువబడినది. ఒక్క తంతువు వేగము తగ్గకుండ లాకును తీయగలిగినచో అంగీకరింతునని వాన్ రోసమ్ 2007లో ప్రకటించెను. 2016లో లారీ హేస్టింగ్స్ చేసిన యత్నమును ఈ కొలమానమునకు అందలేదు.

2021లో శామ్ గ్రాస్ చూపిన మార్గము ఫలించినది. అందలి ముఖ్య సూత్రము ఇది: వస్తువులలో చాల భాగము వానిని సృష్టించిన తంతువుచేతనే వాడబడును. కావున తాళపత్రమునకు రెండు లెక్కలు పెట్టి, స్వంతదారు తన లెక్కను తొందరగా దిద్దుకొనునట్లును, ఇతరులు మాత్రము జాగ్రత్తతో కూడిన రెండవ లెక్కను దిద్దునట్లును ఏర్పఱచినచో అత్యధిక సందర్భములలో కాలవ్యయము ఉండదు. ఎన్నడును నశింపని వస్తువులకు లెక్కయే అక్కఱలేదు. ఈ పద్ధతిని ప్రతిపాదించు 703వ సంఖ్యగల పత్రము 2023లో అంగీకరింపబడినది. 2024 అక్టోబరులో వెలువడిన 3.13 రూపమున లాకు లేని పైథాన్ ప్రయోగాత్మకముగా వచ్చినది. అందు ఒక్క తంతువుగల పని సుమారు 40 శాతము మందగించినది. 2025 అక్టోబరునాటి 3.14 రూపమున ఈ నష్టము 5 మొదలు 10 శాతమునకు తగ్గినది. లాకు లేని రూపమునకు అధికారికమైన ఆమోదము లభించినది. అయినను అది కోరి తెచ్చుకొనవలసినదే. సాధారణముగా లభించు 3.14 రూపమున లాకు ఉన్నది. లాకు లేని రూపమునకు అనువుగా సవరింపబడని పరికరమును చేర్చుకొన్నచో దుబాసి మరల లాకును వేసికొనును.

7. దోషము దుబాసిది కాదు

ఈ చిక్కు దుబాసి భాషల కన్నింటికిని సహజమని తలంపరాదు. జావా సంకేతములను నెరవేర్చు యంత్రమును ఒక విధమైన దుబాసియే. అయినను అందు తంతువులు వేఱువేఱు కోర్లపై ఏకకాలమున నడచును. ఆ యంత్రముపై నిర్మింపబడిన జైథాన్, జేరూబీలకును ఏకైక లాకు లేదు. రూబీ ప్రధానరూపమున మాత్రము లాకు కలదు. 2020లో వచ్చిన 3.0 రూపమున ర్యాక్టర్ అను విభాగములను ప్రయోగాత్మకముగా కల్పించి, విభాగమునకొక లాకుచొప్పున ఇచ్చిరి. జావాస్క్రిప్టు తంతువులు పంచుకొను వస్తువులను ప్రోగ్రాము వ్రాయువానికి ఇయ్యకయే ఒక్క తంతువుపై పనులను వంతులవారీగా నడపును. దీనినిబట్టి దోషము దుబాసి పద్ధతిలో లేదని స్పష్టమగుచున్నది.

8. పరిశోధకునకు మార్గము

లాకుగల పైథానుతో గణనప్రధానమైన పని చేయువారు తంతువులకు బదులు వేఱువేఱు ప్రక్రియలను ఆశ్రయింపవలెను. ప్రతి ప్రక్రియకును తన దుబాసి, తన లాకు, తన జ్ఞాపకస్థానము ఉండును. ఇవి అవధానులు కారు, వేఱువేఱు గదులలో కూర్చున్న కవులు. 2008లో 2.6 రూపమునుండి ఈ సౌకర్యము పైథానునందే కలదు. అయితే ఒక గదినుండి మఱొక గదికి గ్రంథమును పంపవలెనన్నచో నకలు వ్రాసి పంపవలసినదే. పద్యమునకొకమారు పంపినచో నకలు వ్రాయుటయందే కాలము పోవును. ఆశ్వాసమునకొకమారు పంపుట మేలు.

పంపకమునందును సమత్వము చూడవలెను. ఆంధ్ర మహాభారతమును పర్వమునకొకరు చొప్పున పంచినచో ఆదిపర్వమునకు ఎనిమిది ఆశ్వాసములు, మౌసలపర్వమునకు ఒక్కటే. మౌసలము చేసినవాడు చేతులు ముడుచుకొని కూర్చుండును. పని మాత్రము ఆదిపర్వము ముగిసినగాని ముగియదు. ఆశ్వాసములను వరుసగా పేర్చి, ఖాళీయైనవాడు తరువాతిదానిని తీసికొనునట్లు ఏర్పఱచుట ఉచితము.

ఎంత పంచినను ఒక హద్దు కలదు. దీనిని జీన్ ఆమ్డాల్ 1967లో వివరించెను. నూరు నిమిషముల పనిలో ఇరువది నిమిషములది విభజింపరానిదనుకొందము. నలుగురికి పంచినచో మిగిలిన ఎనుబది నిమిషములు ఇరువదియగును, మొత్తము నలువది. నలుగురు పనిచేసినను లాభము రెండున్నర రెట్లే. ఎందఱిని చేర్చినను ఇరువది నిమిషములకంటె తగ్గదు గాన అయిదు రెట్లకు మించిన లాభము లేదు. కాబట్టి తొలుత కొలిచి, కాలము ఎక్కడ వ్యయమగుచున్నదో తెలిసికొని, ఆ తరువాతనే పంపకమునకు పూనుకొనవలెను. తఱచుగా ఒక మంచి నిఘంటువును ముందుగా పేర్చుకొనుటవలననో, ఒకే పదమును పదిమార్లు పరీక్షింపకుండ ఫలితమును దాచుకొనుటవలననో కలుగు లాభము తంతువులవలని లాభమును మించును.

సారాంశమిది. పని నిరీక్షణప్రధానమైనచో తంతువులు చాలును. గణనప్రధానమైనచో ప్రక్రియలు కావలెను; లేదా లాకు లేని క్రొత్త రూపమును, అందలి పరికరములను పరీక్షించి, ఎన్నుకొనవలెను. ఏ మార్గము పట్టినను మొదట పంపకము లేకుండ చిన్న భాగముపై ఫలితమును రాబట్టి, పంచి చేసినదానితో సరిచూచుట విధి. లాకు తొలగినకొలది తంతువులు నిజముగా కలసి నడచును. కలసి నడచినకొలది పంచుకొను లెక్కలు తప్పు అవకాశములును హెచ్చును. పాఠభేదములను సరిచూచుటయందు మన పరిష్కర్తలు పాటించిన జాగరూకతయే ఇచ్చటను మనకు శరణ్యము.